ఉక్కపోత ఊళ్ళో హాట్ యోగా: కొన్నేళ్ళు చేశాక నా మాట

బాగా వేడెక్కించిన గదిలో ఆసనాలు వేసే హాట్ యోగా మీద నేను చదివిన సమీక్షలన్నీ పెద్ద నగరాలవాళ్ళు రాసినవే. పగలంతా ఏసీలో కూర్చునేవాళ్ళకి ఒళ్ళంతా తడిసేలా చెమట పట్టడమే కొత్త అనుభవం. మాది శ్రీకాకుళం. మార్చి దాటిందంటే పొద్దున్న ఎనిమిదింటికే జాకెట్టు వీపుకి అతుక్కుపోతుంది. ఇలాంటి ఊళ్ళో తలుపులు మూసుకుని, హీటర్ పెట్టుకుని ఆసనాలు వేయాలా? కొన్నేళ్ళుగా వదలకుండా చేస్తున్నాను కాబట్టి నా జవాబు ముందే చెప్పేస్తాను. అందులో వేసే ఆసనాల వరస చాలా గొప్పది, ఎవరైనా నేర్చుకోదగ్గది. వేడి మాత్రం చలికాలంలో సాయం చేస్తుంది, ఎండాకాలంలో మనకి అక్కర్లేదు, మా జిల్లాలో కొందరికైతే ప్రమాదం కూడా.

నాకు 45 దాటాయి. ప్రభుత్వ ఆఫీసులో కంప్యూటర్ ముందు కుర్చీ ఉద్యోగం. మెడ పట్టేసేది, కుడి చెయ్యి జడ వేసుకోవడానికి కూడా పైకి లేచేది కాదు, సాయంత్రానికి నడుము వంగేది కాదు. విశాఖపట్నంలో పనిచేస్తున్నప్పుడు తోటి ఉద్యోగిని ఒకావిడ తీసుకెళ్తే ఒక స్టూడియోలో చేరాను. బదిలీ మీద సొంతూరు వచ్చేశాక మేడ మీద గదిలో సొంతంగా చేసుకుంటున్నాను. స్టూడియో వేడీ తెలుసు, ఇంటి వేడీ తెలుసు.

నేను స్టూడియోలో చేరానని విని మా అత్తయ్య అన్నారు: "ఏటమ్మా, సెమట పట్టడానికి డబ్బులిత్తారా? మన ఈదిలో నిలబడితే సాలదా?" ఆవిడ ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగారు. ఆ ప్రశ్నకి సరైన జవాబు నాకు దొరకడానికి చాలా కాలమే పట్టింది.

తెలియనివాళ్ళ కోసం కాస్త వివరం. మొదట ఒకటి, చివర ఒకటి శ్వాస సాధనలు, మధ్యలో 26 ఆసనాలు, మొత్తం 90 నిమిషాలు. గదిలో వేడి 40 డిగ్రీల పైన, తేమ 40 శాతం. దాదాపు ప్రతి ఆసనం రెండేసి సార్లు వేయాలి. ఈ వరసని 1970ల్లో అమెరికాలో ప్రచారంలోకి తెచ్చినవాడు కలకత్తాకి చెందిన బిక్రమ్ చౌదరి. ఆయన గురువు బిష్ణు చరణ్ ఘోష్, పరమహంస యోగానందకి స్వయానా తమ్ముడు. 1923లో కలకత్తాలో వ్యాయామ కళాశాల పెట్టి, ఆసనాలనీ కండబలాన్నీ కలిపి నేర్పినవాడు. ఇది చదివినప్పుడు నాకు మన కోడి రామ్మూర్తి నాయుడుగారు గుర్తొచ్చారు. వీరఘట్టంలో పుట్టి, ఊపిరి బిగబట్టి ఛాతీకి చుట్టిన ఇనప గొలుసులు తెంచి, దేశదేశాల్లో కలియుగ భీముడు అనిపించుకున్న మనిషి. ఆయన పేరిట మా ఊళ్ళో స్టేడియం ఉంది. శ్వాసకీ బలానికీ ఉన్న సంబంధం మా జిల్లావాళ్ళకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

బిక్రమ్ గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆయన శిష్యురాళ్ళు కొందరు లైంగిక దాడి ఆరోపణలతో కోర్టుకెక్కారు. ఆయన దగ్గర న్యాయ సలహాదారుగా పనిచేసిన ఒకావిడకి లక్షల డాలర్ల పరిహారం కట్టాలని 2016లో లాస్ ఏంజెలిస్ జ్యూరీ తీర్పు చెప్పింది. ఈ వరస తన సొంతమని ఆయన చేసిన వాదన కూడా నిలవలేదు. ఆసనాల వరసకి కాపీరైట్ ఉండదని 2015లో అమెరికా అప్పీలు కోర్టు తేల్చేసింది. అందుకే చాలా స్టూడియోలు ఆయన పేరు తీసేసి 'ట్వెంటీసిక్స్ అండ్ టూ' (26 ఆసనాలు, రెండు శ్వాస సాధనలు) అంటున్నాయి. నేనూ అలాగే అంటాను. ఆ ఆసనాలు అంతకుముందు నుంచీ ఉన్నవే, అవి అందరివీ.

ఇక లోపల ఏం జరుగుతుందో చెప్తాను. మొదట నిలబడి, వేళ్ళు పెనవేసి గడ్డం కింద పెట్టుకుని, మోచేతులు రెండు పక్కలా పైకి లేపుతూ గాలి పీల్చాలి, తల వెనక్కి వాలుస్తూ వదలాలి. ఇది పూర్తయ్యేలోపే నుదుటి మీద చెమట మొదలవుతుంది. అర్ధచంద్రాసనంలో చేతులు పైకెత్తి పక్కకి వంగితే ఆ చెమట మోచేతి దాకా జారి, అక్కడ కాసేపు వేలాడి, మ్యాట్ మీద పడుతుంది. తర్వాత ఉత్కటాసనం, గరుడాసనం. అక్కడితో ఒళ్ళు సిద్ధమైనట్టు.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చే దండాయమాన జానుశీర్షాసనం. ఒంటికాలి మీద నిలబడి, ముందుకి వంగి, రెండో కాలి పాదం కింద పది వేళ్ళూ పెనవేసి పట్టుకోవాలి. నిలబడ్డ కాలి మోకాలు వంగకూడదు. ఆ తర్వాతే పట్టుకున్న కాలిని ముందుకి చాపాలి, ఆ పైన మోచేతులు కిందికి దించాలి, చివరికి నుదురు మోకాలికి ఆన్చాలి. వేడి గదిలో పాదం తడి, వేళ్ళు తడి. ఎంత గట్టిగా పట్టుకున్నా జారుతుంది. స్టూడియోలో చెమట తుడుచుకోవద్దనేవారు. నేను ఇంట్లో పొందూరు ఖద్దరు తువ్వాలు చిన్న ముక్క చేసి పాదం కింద వేసుకుంటాను. అది తడిని వెంటనే పీల్చేస్తుంది, వేళ్ళు జారవు. నేను వాడిన మైక్రోఫైబర్ తువ్వాళ్ళకి ఈ పని చేతకాలేదు. చాలా కాలం నేను పాదం పట్టుకుని నిలబడే దగ్గరే ఆగిపోయాను. ఇప్పుడు కాలు పూర్తిగా చాచగలను, మోచేతులు పిక్క కిందికి వస్తాయి, నుదురు ఇంకా ఆనదు. కుడి కాలి మీద నిలకడ బాగుంటుంది, ఎడమ కాలి మీద ఇప్పటికీ తూలుతాను.

నిలబడే ఆసనాలు అయ్యాక రెండు నిమిషాలు శవాసనం. ఆ రెండు నిమిషాల కోసమే ముందు గంటంతా చేశానా అనిపించిన రోజులు చాలా ఉన్నాయి. గుండె చప్పుడు చెవుల్లో వినపడుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. నేల మీద వేసేవాటిలో భుజంగాసనం, శలభాసనం, ధనురాసనం నా నడుముకి చేసిన మేలు ఏ మాత్రా చేయలేదు. చివరి దాకా వచ్చాక ఉష్ట్రాసనం. మోకాళ్ళ మీద నిలబడి, వెనక్కి వాలి, మడమలు పట్టుకోవాలి. ఛాతీ అంతా తెరుచుకుంటుంది. కొన్నిసార్లు తల తిరుగుతుంది, కొన్నిసార్లు కారణం లేకుండా ఏడుపొస్తుంది. నాకు రెండూ అయ్యాయి. తల తిరిగితే రెండోసారి వేయకుండా పడుకోవాలి. ఇందులో పౌరుషానికి పోవాల్సిన పని లేదు.

స్టూడియోలో బాగున్నవి చెప్పాలంటే, ముందు అద్దం. భుజం ఒకవైపు దిగిపోయి ఉందని నాకు ఆ అద్దమే చెప్పింది. రెండోది, నేర్పే మనిషి గుక్క తిప్పుకోకుండా చెప్తూనే ఉండటం, ఆలోచనలు పక్కకి పోనివ్వకపోవడం. మూడోది, 90 నిమిషాలు ఫోన్ లేకపోవడం. ఇద్దరు పిల్లలున్న ఉద్యోగస్తురాలికి ఇది చిన్న విషయం కాదు.

బాగాలేనివీ ఉన్నాయి. నేల మీద కార్పెట్ పరిచారు. అందరి చెమటా అందులోకే ఇంకి, వర్షాకాలంలో ముక్కు మూసుకోవాల్సొచ్చేది. గరుడాసనం అయ్యేదాకా నీళ్ళు ముట్టుకోవద్దనేవారు. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది, తల తిరుగుతోందన్న ఒక అమ్మాయిని బయటికి పంపకుండా అక్కడే పడుకోమనడం. వేడికి తల తిరుగుతున్న మనిషిని అదే వేడిలో ఉంచడం ఏ లెక్కనా సరికాదు. ముందు చల్లటి చోటికి తీసుకురావాలి, కాళ్ళు ఎత్తులో పెట్టాలి, మెడకీ చంకలకీ తడిగుడ్డ వేయాలి, తెలివిగా ఉంటే ఉప్పు పంచదార కలిపిన నీళ్ళు కొద్దికొద్దిగా తాగించాలి. మాట తడబడినా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ, వెంటనే 108కి ఫోన్ చేయాలి. మీరు చేరబోయే చోట తలుపు ఎప్పుడైనా తీసుకుని వెళ్ళొచ్చా, నీళ్ళు ఎప్పుడైనా తాగొచ్చా అని ముందే అడగండి. కాదంటే వేరే చోటు చూసుకోండి.

ఇంటి ఏర్పాటు సంగతికొస్తే, మేడ మీద చిన్న గది, ఒక ఫ్యాన్ హీటర్, వేడినీ తేమనీ చూపించే చిన్న మీటరు. ఈ మూడింట్లో ముఖ్యమైనది మీటరే. జనవరి తెల్లవారుజామున గదిలో 20 దగ్గర ఉంటే, హీటర్ అరగంటలో 32, 33కి తెస్తుంది. నేను అక్కడితో ఆపేస్తాను. 40కి తీసుకెళ్ళాలని ఎప్పుడూ అనుకోలేదు, ఆ అవసరమూ కనపడలేదు. 2000 వాట్ల హీటర్ గంట నడిస్తే రెండు యూనిట్లు కాలుతుంది, బిల్లు లెక్క చూసుకోండి. ఫ్యాన్ హీటర్ గాలిని ఎండగడుతుంది కాబట్టి వెడల్పు గిన్నెలో వేడినీళ్ళు పెట్టి గదిలో ఓ మూల ఉంచుతాను, హీటర్‌కి దూరంగా. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. మూసిన గదిలో కుంపటి ఎట్టి పరిస్థితిలోనూ పెట్టొద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ఆసనాల్లో ఎక్కువ గాలి పీల్చే మనిషిని అది ఇంకా తొందరగా పడగొడుతుంది.

ఇప్పుడు ఎండాకాలం. మే నెలలో అదే గదిలో, హీటర్ ముట్టుకోకుండానే, పొద్దున్న మీటరు 36 డిగ్రీలు, 70 శాతం తేమ చూపిస్తుంది. చూడటానికి స్టూడియో 40 కంటే తక్కువే. ఒంటికి మాత్రం అంతకంటే ఎక్కువ. ఒళ్ళు చల్లబడేది చెమట ఆరడం వల్ల. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట కారుతుందే తప్ప ఆరదు, లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. రాజస్థాన్ ఎండకీ మన సముద్రతీరం ఉక్కకీ తేడా ఇదే. మీటరులో వేడి ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోకూడదని నాకు బాగా అర్థమైంది మేడ మీద గదిలోనే. అందుకని మార్చి నుంచి వర్షాలు పడేదాకా నేను కిటికీలన్నీ తెరిచి, ఫ్యాన్ వేసుకుని, సూర్యుడు రాకముందే అదే వరస చేస్తాను. దాన్ని హాట్ యోగా అనొచ్చో లేదో నాకు పట్టింపు లేదు.

2025లో యోగాంధ్ర జరిగిన నెలలో మా ఆఫీసులో చాలామంది ఆసనాలు మొదలుపెట్టారు. జూన్ 21న విశాఖ తీరంలో మూడు లక్షల మందికి పైగా ఒకేసారి చేసిన కార్యక్రమం ముందు ఊరూరా అభ్యాసాలు జరిగాయి కదా. అప్పుడు నన్ను అందరూ అడిగిన ప్రశ్న, "మేడమ్, మేం కూడా హీటర్ పెట్టుకుంటే తొందరగా వంగుతామా?" వంగుతారు. వేడికి కండరాలు వదులవుతాయి కాబట్టి మామూలుగా అందని చోటికి చెయ్యి అందుతుంది. అక్కడే జాగ్రత్త పడాలి. ఆ సాగడం చాలావరకు ఆ గంటకే. చల్లటి గదిలో మళ్ళీ మొదటికి వస్తుంది. పైగా నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది కాబట్టి తొడ వెనక కండరాన్ని పరిధి దాటి లాగేసే వీలుంది. వేడిలో ఎప్పుడూ అందినంతలో ఓ వంతు తక్కువకే ఆగాలని నా నియమం.

నాకేం మారిందో నిజాయితీగా చెప్తాను. మెడ పట్టేయడం పోయింది. కుడి చెయ్యి పూర్తిగా లేస్తుంది, జడ నేనే వేసుకుంటున్నాను. రాత్రి పడుకుంటే తెల్లవారేదాకా మెలకువ రాదు. మెట్లెక్కితే ఆయాసం లేదు. ఇంకో లాభం నేను ఎదురుచూడనిది: చలికాలం చివర్లో కాస్త వేడికి అలవాటుపడితే, ఏప్రిల్ ఎండల్లో బస్సు కోసం నిలబడటం తేలికైంది. ఇందులో మాయ ఏమీ లేదు. వారం, రెండు వారాలు వరసగా వేడిలో శ్రమిస్తే రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట ముందుగా మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. మానేస్తే కొన్ని వారాల్లో ఆ అలవాటు పోతుంది. మా ఊళ్ళో కూలి పని చేసేవాళ్ళందరికీ ఇది మార్చి నుంచే వస్తుంది, కుర్చీలో కూర్చునే నాలాంటివాళ్ళకే రాదు. మా అత్తయ్యకి నేను చెప్పాల్సిన జవాబు ఇదేనని తర్వాత అర్థమైంది. ఈమధ్య చెప్పాను కూడా. "మరి అదే కదమ్మా నానన్నది" అన్నారు.

బరువు తగ్గలేదు. తరగతి అయ్యాక కిలో తగ్గినట్టు కనిపించేది నీరే, మధ్యాహ్నానికి తిరిగి వచ్చేస్తుంది. చెమటతో ఒంట్లో విషాలన్నీ పోతాయని స్టూడియోలో చెప్పేవారు. అది నమ్మకండి. చెమటలో పోయేది నీరు, ఉప్పు. వ్యర్థాలు తీసే పని కాలేయానిదీ మూత్రపిండాలదీ. ఎక్కువ చెమట పట్టించి, నీళ్ళు తక్కువ తాగితే ఆ మూత్రపిండాలకే కష్టం.

వేడి అవసరమా అన్నదాని మీద 2018లో అమెరికాలోని టెక్సస్ స్టేట్ యూనివర్సిటీవాళ్ళు చక్కటి అధ్యయనం ప్రచురించారు. వ్యాయామం అలవాటు లేని పెద్దవాళ్ళని తీసుకుని, కొందరి చేత ఈ 26 ఆసనాల వరసనే 40.5 డిగ్రీల్లో, కొందరి చేత 23 డిగ్రీల్లో, 12 వారాలు చేయించారు. రక్తనాళాలు వ్యాకోచించే గుణం 23 డిగ్రీల గుంపులో స్పష్టంగా మెరుగుపడింది, వేడి గుంపులోనూ మెరుగుపడే దిశగా కనిపించింది. ఏమీ చేయనివాళ్ళలో ఆ మార్పు లేదు. అంటే రక్తనాళాలకి మేలు చేసింది ఆసనాలే. మనసు విషయంలో 2023లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌వాళ్ళు డిప్రెషన్ ఉన్నవాళ్ళ చేత ఎనిమిది వారాలు వేడి యోగా చేయిస్తే, చేసినవాళ్ళలో సగం మందికి పైగా లక్షణాలు సగానికి సగం తగ్గాయి. ఇది నాకు ఆశ్చర్యం కలిగించలేదు, నా మనసు తేలికపడటం నేను చూశాను కాబట్టి. అయితే అందులో పోల్చింది ఏమీ చేయకుండా తమ వంతు కోసం వేచి ఉన్నవాళ్ళతో. చల్లటి గదిలో అదే యోగా చేసినవాళ్ళతో కాదు. కాబట్టి ఆ మేలులో వేడి వాటా ఎంతో దాన్నిబట్టి చెప్పలేం.

నేను ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం దగ్గరికి వస్తున్నాను. నా పుట్టిల్లు కవిటి వైపు, ఉద్దానంలో. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఈ ఊళ్ళ పేర్లు చెప్తే మా జిల్లావాళ్ళకి ముందు గుర్తొచ్చేది కొబ్బరి, జీడి. ఆ తర్వాత కిడ్నీ జబ్బు. మా బంధువుల్లో డయాలసిస్ చేయించుకున్నవాళ్ళు ఉన్నారు, పోయినవాళ్ళు ఉన్నారు. బీపీ, సుగర్ లేని మనుషులకి, తోటల్లో పనిచేసే వయసులోనే ఇది వస్తుంది. ఏళ్ళ తరబడి పరిశోధనలు జరిగినా ఇదొక్కటే కారణమని తేలలేదు. నీటిని అనుమానించారు, నేలలోని లోహాలని, పురుగుమందులని అనుమానించారు. మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీలకి వచ్చే ఇలాంటి జబ్బులో మాత్రం ముఖ్యమైన అనుమానం ఒకటుంది: ఎండలో ఒళ్ళు కాగేలా పనిచేయడం, సరిపడా నీళ్ళు లేకపోవడం, అది రోజూ జరగడం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఉద్దానంలో కొబ్బరి చెట్లు నేలకూలాక, నీడలో పనిచేసే మనుషులు ఎండలోకి వచ్చారు. నాకు అది ఇప్పటికీ మనసులో మెదులుతూ ఉంటుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ కిడ్నీ పరిశోధన కేంద్రమూ ప్రారంభమయ్యాయి, హిరమండలం నుంచి మంచినీళ్ళు పైపుల్లో వచ్చాయి. అవి రావాల్సినవే.

ఈ నేపథ్యంలో ఉద్దానం మూలాలున్న మనిషి వేడి గదిలోకి వెళ్ళేముందు చేయాల్సింది ఒకటుంది. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రెండు పరీక్షలు: రక్తంలో సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్. రెండూ శ్రీకాకుళంలో ఏ ల్యాబులోనైనా చేస్తారు, పెద్ద ఖర్చు కాదు. నేను మొదలుపెట్టేముందు చేయించాను, ఏటా చేయిస్తాను. తేడా ఉంటే వేడి యోగా వద్దు, అంతే. ఇంకోటి, ఒళ్ళు నొప్పులని చెప్పి మందుల షాపులో డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు కొని వేసుకుని ఆసనాలకి వెళ్ళొద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు మూత్రపిండాలకి రక్తం చేరడాన్ని తగ్గిస్తాయి. ఈ రెండూ కలిస్తే మంచి కిడ్నీలు కూడా దెబ్బతింటాయి. బీపీకి మూత్రం ఎక్కువ అయ్యే మాత్ర వేసుకునేవాళ్ళు డాక్టరుని అడగాలి. గర్భిణులకి వద్దు.

నీళ్ళ సంగతి. ఒక్క రోజు చేసే ముందూ తర్వాతా బరువు చూసుకోండి. ఎన్ని వందల గ్రాములు తగ్గితే దాదాపు అన్ని వందల మిల్లీలీటర్ల చెమట పోయినట్టు. నీళ్ళొక్కటే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతి, ఇంకా ముదిరితే ఫిట్స్ దాకా పోతుంది. నీళ్ళతో పాటు ఉప్పు కూడా వెళ్ళాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్ళలో కలుపుకోవచ్చు, లేదా లీటరుకి అర చెంచా ఉప్పు, ఆరు చెంచాల పంచదార. నాకు మాత్రం చోడి (రాగి) అంబలిని మించింది లేదు. రాత్రి కాచి పెట్టిన చోడి గంజిలో పొద్దున్న పలచటి మజ్జిగ పోసి, ఉప్పు వేసి, ఉల్లిపాయ కొరుక్కుంటూ రెండు గ్లాసులు తాగుతాను. మా నాన్న పొలం వెళ్ళేముందు తాగింది ఇదే. కొబ్బరి నీళ్ళు మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి ఆ పొటాషియమే గుండెకి ముప్పు తెస్తుంది. కొబ్బరి చెట్టు కిందే పుట్టి పెరిగిన మావాళ్ళకి ఈ మాట చెప్పడం చాలా కష్టంగా ఉంటుంది, అయినా చెప్తాను.

రోజువారీ బతుకులో దీన్ని ఇమడ్చడం ఎలా? వారానికి మూడు రోజులు. ఐదింటికల్లా మ్యాట్ మీద ఉంటే ఆరున్నరకి అయిపోతుంది. తర్వాత వెంటనే స్నానం చేయకుండా పావుగంట ఆగుతాను, చెమట ఆగేదాకా. ఆ పావుగంటలో కూరగాయలు తరుగుతాను. మా ఆయన అన్నం, పప్పు పొయ్యి మీద పడేస్తారు, ఈ ఏర్పాటు లేకపోతే నేను ఇన్నేళ్ళు చేసేదాన్ని కాదు. రోజూ 90 నిమిషాలు కుదరనివాళ్ళు ప్రతి ఆసనం ఒక్కోసారే వేస్తే గంటలోపు అయిపోతుంది. నేను ఆఫీసులో మార్చి నెలాఖరు పనులప్పుడు అలాగే చేస్తాను.

బట్టల పని ఎక్కువ. చెమట బట్టలు బకెట్లో అలా వదిలేస్తే మన తేమకి సాయంత్రానికి నల్ల మచ్చలు పడతాయి. విప్పిన వెంటనే నీళ్ళలో జాడించేయాలి. తడి బట్టలతో కూర్చుంటే గజ్జల్లో తామర, మెడ మీద చెమటకాయలు ఖాయం. నైలాన్ లెగ్గింగ్స్ కంటే వదులు కాటన్ మేలు. రబ్బరు మ్యాట్‌ని సబ్బు నీళ్ళతో తుడిచి నీడలో ఆరేయాలి, ఎండలో వేస్తే పెళుసెక్కి చిట్లుతుంది.

ఉపవాసం ఉన్న రోజు వేడి జోలికి పోను. కార్తీక సోమవారాలు, ఏకాదశి. ఆ రోజుల్లో నీళ్ళు కూడా తక్కువ తాగుతాం కాబట్టి ఒట్టి శ్వాస సాధన చేసి ఊరుకుంటాను. మాఘమాసం ఆదివారాలు అరసవల్లి వెళ్ళే అలవాటు ఉంది, ఆ వారం మేడ మీద ఎండలో సూర్యనమస్కారాలు. రథసప్తమి నాటి ఏడింటి ఎండ హీటర్ కంటే ఎంత హాయిగా ఉంటుందో చేసి చూడాలి. చలికాలంలో హీటర్ కొనలేనివాళ్ళకి నేను ఇదే చెప్తాను. తూర్పు ఎండ పడే డాబా, వారానికి మూడు రోజులు. ఈ వరసకి కావాల్సిన వేడి అంతకంటే ఎక్కువ కాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నవంబరులో మొదలుపెట్టండి. ఏప్రిల్లో కాదు. మొదటి రెండు వారాలు హీటర్ లేకుండా, నేర్చుకున్న ఆసనాలే వేయండి. మొదట్లో ఓ నెల అయినా అద్దం ముందు, తెలిసిన మనిషి దగ్గర నేర్చుకోవాలి. వీడియో చూసి మోకాలు బిగించడం నేర్చుకున్నవాళ్ళు దాన్ని వెనక్కి వంచేసి నొప్పి తెచ్చుకోవడం చూశాను. బిగించాల్సింది మోకాలి పైన తొడ కండరాన్ని.

పోయిన సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళినప్పుడు మా చెల్లి నా భుజం చూసి, "నాకూ నేర్పవే అక్కా" అంది. తన క్రియాటినిన్ పరీక్ష చేయించాం. ఉండాల్సిన హద్దు దగ్గర్లో ఉంది, డాక్టరు ఏటా చూపించుకోమన్నారు. హీటర్ మాట ఎత్తొద్దని చెప్పి, 26 ఆసనాలూ చల్లటి హాల్లో, ఫ్యాన్ కింద నేర్పాను. ఆదివారాలు వీడియో కాల్లో కలిసి చేస్తున్నాం. తను దండాయమాన జానుశీర్షాసనంలో ఎడమ కాలి మీద నాకంటే బాగా నిలబడుతోంది.